తుపాకీ ట్రస్టులో ఎవరి పేర్లు రాయాలి? అమెరికా ఎన్‌ఎఫ్‌ఏ కాగితాల్లో అసలు తేల్చుకోవాల్సిన విషయం

2026 జనవరి 1 నుంచి అమెరికాలో సైలెన్సర్ కొనేవాళ్లు ఫెడరల్ ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను సున్నా అయింది. పొట్టి బ్యారెల్ రైఫిళ్లకూ, పొట్టి బ్యారెల్ షాట్‌గన్లకూ అంతే. 1934 నుంచి తొంభై ఏళ్లకు పైగా ఉన్న 200 డాలర్ల పన్నును 2025 జులై 4న సంతకం పడిన పన్నుల చట్టం తీసేసింది. మెషిన్ గన్లకూ, గ్రెనేడ్ల లాంటి విధ్వంసక ఆయుధాలకూ మాత్రం ఆ 200 అలాగే ఉంది.

పన్ను పోయిందనగానే కాగితాల గొడవ కూడా పోయిందని చాలామంది అనుకున్నారు. అది పోలేదు. ఫారాలు, వేలిముద్రలు, ఫొటోలు, అనుమతి వచ్చేదాకా వస్తువును ముట్టుకోకూడదన్న నియమం అన్నీ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ లేకుండా ఇంట్లో పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు అన్న శిక్ష కూడా మారలేదు. డబ్బు సంగతి పక్కకు తప్పుకుంది కాబట్టి ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఆ కాగితం మీద ఎవరి పేరు ఉండాలన్నదే. సొంత పేరు మీద రిజిస్టర్ చేసుకోవాలా, ట్రస్టు పేరు మీదా? ట్రస్టు అయితే అందులో ఎవరెవరిని చేర్చాలి? తుపాకీ దుకాణాల్లో ట్రస్టును ఒక అదనపు సౌకర్యంలా, వస్తువుతో పాటు బిల్లులో చేర్చి అమ్మేస్తుంటారు. కానీ అది కుటుంబంలో ఎవరి చేతికి ఏది వెళ్లొచ్చో తేల్చే పత్రం. బిల్లు కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు.

ఈ చట్టం పేరు నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్. అందరూ ఎన్‌ఎఫ్‌ఏ అంటారు. మద్యనిషేధం కాలంలో ముఠాల కాల్పులతో అమెరికా నగరాలు అట్టుడికిన తర్వాత, రూజ్‌వెల్ట్ హయాంలో 1934 జూన్‌లో వచ్చింది. ఆయుధాలను నేరుగా నిషేధించే అధికారం తమకుందో లేదో అన్న సందేహంతో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ పన్ను దారి పట్టింది. తయారు చేస్తే పన్ను, చేతులు మారితే పన్ను, పన్ను కట్టినట్టు రుజువుగా ఒక స్టాంపు, ఆ స్టాంపు కోసం రిజిస్ట్రేషన్. ఆ రోజుల్లో 200 డాలర్లంటే ఇప్పటి లెక్కన నాలుగు వేల డాలర్ల పైమాటే. పన్ను పేరుతో పెట్టిన అడ్డుకట్ట అది. 1937లో సుప్రీంకోర్టు కూడా ఇది పన్ను అధికారం కిందికే వస్తుందని సమర్థించింది.

మొదటి ముసాయిదాలో పిస్టళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. రైఫిల్ బ్యారెల్ కోసేసి కోటు కింద దాచుకునే చిన్న ఆయుధంగా మార్చుకుంటారన్న భయంతోనే పొట్టి బ్యారెళ్లను జాబితాలో చేర్చారు. వ్యతిరేకత వచ్చి పిస్టళ్లను తీసేశారు గానీ, వాటికి కాపలాగా పెట్టిన పొట్టి బ్యారెల్ నిబంధన మాత్రం మిగిలిపోయింది. అందుకే ఇవాళ దుకాణంలో పిస్టల్ మామూలు పద్ధతిలో కొనుక్కోవచ్చు, బ్యారెల్ 16 అంగుళాల కన్నా తక్కువ ఉన్న రైఫిల్‌కి మాత్రం ఎన్‌ఎఫ్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలి. షాట్‌గన్‌కి ఆ గీత 18 అంగుళాల దగ్గర ఉంది. రెండింటికీ మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. వీటితో పాటు సైలెన్సర్లు, మెషిన్ గన్లు, విధ్వంసక ఆయుధాలు, ఇవేవీ కాని చిల్లర రకాలు కొన్ని ఈ చట్టం కిందికి వస్తాయి. మెషిన్ గన్ల సంగతి వేరు. 1986 మే తర్వాత తయారైనవి పౌరుల పేర రిజిస్టర్ కావు. అంతకు ముందువే చేతులు మారుతుంటాయి, ధర పదుల వేల డాలర్లలో ఉంటుంది.

1968లో జరిగిన ఒక మార్పు ఇవాళ్టి కుటుంబాలకు బాగా తగులుతుంది. అంతకు ముందు, రిజిస్టర్ కాని ఆయుధం ఉన్నవాడు తనే వెళ్లి నమోదు చేసుకోవాలని చట్టం చెప్పేది. అంటే తన నేరాన్ని తనే ఒప్పుకోవడం అన్నమాట. అది రాజ్యాంగానికి విరుద్ధమని హేన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంగ్రెస్ చట్టాన్ని తిరగరాసి ఒక నెల క్షమాభిక్ష గడువు ఇచ్చింది. ఆ తర్వాత, చేతిలో ఉన్నవాడు నమోదు చేసుకునే దారే మూసేసింది. తయారుచేసేవాడు తయారీకి ముందు, అమ్మేవాడు అమ్మకానికి ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. యుద్ధం నుంచి తాత తెచ్చి అటక మీద పెట్టిన మెషిన్ గన్‌కి కాగితం లేకపోతే, ఎంత నిజాయితీగా వెళ్లి అడిగినా ఇవాళ దాన్ని ఎవరి పేరా రిజిస్టర్ చేయరు. అధికారులకు అప్పగించడమే.

ఆ రిజిస్టర్‌ని నడిపేది ఏటీఎఫ్, అంటే మద్యం, పొగాకు, ఆయుధాలు, పేలుడు పదార్థాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ. ఎన్‌ఎఫ్‌ఏ విభాగం వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది. అక్కడికి వెళ్లే దరఖాస్తుల్లో మామూలు మనిషికి తగిలేవి ముఖ్యంగా రెండు. ఉన్న రైఫిల్‌కి పొట్టి బ్యారెల్ బిగించుకోవాలన్నా, సైలెన్సర్ సొంతంగా తయారు చేసుకోవాలన్నా ఫారం 1. తయారైనది కొనాలంటే ఫారం 4. ఫారం 4లో కొనేవాడు డబ్బు మొత్తం కట్టేసినా, అనుమతి వచ్చేదాకా వస్తువు డీలర్ దగ్గరే ఉంటుంది. ఒకప్పుడు ఇది నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పట్టేది. ఫారం 4ని 2021 డిసెంబర్‌లో మళ్లీ ఆన్‌లైన్‌లో పెట్టాక క్రమంగా వేగం పెరిగి, 2024 నాటికి చాలా దరఖాస్తులు రోజుల్లోనే తేలడం మొదలైంది.

ట్రస్టు ఈ కథలోకి వచ్చిందే ఒక సంతకం వల్ల. 2016 జులైకి ముందు సొంత పేరు మీద దరఖాస్తు చేసేవాళ్లు స్థానిక షెరీఫ్ చేత గానీ పోలీసు చీఫ్ చేత గానీ ఫారం మీద సంతకం పెట్టించుకోవాలి. కొన్ని ఊళ్లలో ఆ అధికారులు ససేమిరా అనేవారు. కారణం చెప్పాల్సిన పని లేదు, అప్పీలు లేదు. ట్రస్టుకీ, కంపెనీకీ మాత్రం ఆ సంతకం అక్కర్లేదు. వేలిముద్రలూ, ఫొటోలూ కూడా అడిగేవారు కాదు. దాంతో ఏ నేరచరిత్రా లేని మామూలు జనం కూడా షెరీఫ్‌ని తప్పించుకోవడానికి ట్రస్టులు పెట్టుకున్నారు. ట్రస్టు అంటే చట్టంలో ఒక సందు అన్న పేరు అప్పుడు వచ్చిందే.

2016 జులై 13న అమల్లోకి వచ్చిన 41ఎఫ్ అనే నిబంధన రెండు వైపులా సర్దింది. షెరీఫ్ సంతకం తీసేసి, ఆయనకు ఒక కాపీ పంపితే చాలంది. దానికి బదులుగా, ట్రస్టులో ఆయుధం మీద అధికారం ఉన్న ప్రతి మనిషీ వేలిముద్రలూ, ఫొటో, ఫారం 23 అనే ప్రశ్నావళీ ఇవ్వాలంది. అలా ట్రస్టుకున్న పాత ఆకర్షణ పోయింది. ట్రస్టు పెట్టుకుంటే ఎవరికీ తెలియకుండా కొనుక్కోవచ్చని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. పదేళ్ల కిందటి మాట అది, నమ్మి పని చేస్తే ప్రమాదం.

మరి ఇప్పుడు ట్రస్టు దేనికి? సొంత పేరు మీద రిజిస్టరైన సైలెన్సర్ ఆ ఒక్క మనిషిదే. ఆయన పక్కన నిలబడి ఉండగా స్నేహితుడు దాన్ని వాడి చూడొచ్చు. ఆయన లేనప్పుడు మాత్రం అది భార్య చేతిలో ఉన్నా, కొడుకు కారు డిక్కీలో ఉన్నా, రిజిస్టర్ కాని ఆయుధం దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. ఇంట్లో సేఫ్ ఉంటుంది. దాని నంబర్ భార్యకు తెలుసు, ఎందుకంటే పాస్‌పోర్టులూ, బంగారమూ కూడా అందులోనే ఉంటాయి. భర్త ఆఫీసు పని మీద వారం రోజులు వేరే ఊరు వెళ్తాడు. ఆ వారం ఆ సైలెన్సర్ ఎవరి అధీనంలో ఉన్నట్టు? చేత్తో పట్టుకోకపోయినా, తెలిసి, కావాలంటే తీసుకోగల స్థితిలో ఉండడాన్ని కూడా అమెరికా చట్టం స్వాధీనం కిందే చూస్తుంది. ఆమె మీద కేసు పెడతారని కాదు. అయితే ఇలాంటి చోట అధికారుల దయ మీద ఆధారపడడం ఎందుకు? ఆమె ట్రస్టీ అయితే ఆ ప్రశ్నే రాదు. ట్రస్టుకు చెందిన వస్తువు ట్రస్టీ దగ్గర ఉంది, అంతే.

ట్రస్టులో మూడు పాత్రలుంటాయి. ట్రస్టు పెట్టి అందులో ఆస్తి వేసేవాడు సెట్లర్. ఆ ఆస్తిని చూసుకునేవాళ్లు ట్రస్టీలు. చివరికి అనుభవించేవాళ్లు లబ్ధిదారులు. తుపాకీ ట్రస్టుల్లో సెట్లరే మొదటి ట్రస్టీగా కూడా ఉంటాడు. బతికున్నంతకాలం మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఏటీఎఫ్ భాషలో ఆయుధాన్ని తీసుకోవడానికి, దగ్గర పెట్టుకోవడానికి, అమ్మడానికి అధికారం ఉన్న ప్రతివాళ్లూ ‘రెస్పాన్సిబుల్ పర్సన్’. సెట్లర్, ట్రస్టీలు సాధారణంగా ఇందులోకి వస్తారు. ఊరికే లబ్ధిదారుగా పేరున్న పదేళ్ల కూతురు రాదు, ఆమె వేలిముద్రలు అక్కర్లేదు. సెట్లర్ పోయాక బాధ్యత తీసుకోబోయే తర్వాతి ట్రస్టీ కూడా ఆ రోజు వచ్చేదాకా లెక్కలోకి రాడు. అయితే పత్రంలో మాటలు అజాగ్రత్తగా రాసి, లబ్ధిదారులకు కూడా ఆయుధాల మీద అధికారం ఇచ్చేస్తే వాళ్లూ రెస్పాన్సిబుల్ పర్సన్లే అవుతారు. అమెరికాలో చాలా కుటుంబాలు ఇల్లు, బ్యాంకు ఖాతాల కోసం లివింగ్ ట్రస్టు ముందే పెట్టుకుని ఉంటాయి. ఆ ట్రస్టులోనే సైలెన్సర్ వేసేస్తే ఇదే చిక్కు. ఏదైనా ఎవరికైనా వెంటనే పంచిపెట్టొచ్చని అందులో ట్రస్టీకి అధికారం రాసి ఉంటుంది. ఆ అధికారంతో అనుమతి లేకుండా ఆయుధం ఇంకొకరికి ఇచ్చేస్తే నేరం. ఆయుధాలకు విడిగా ఒక ట్రస్టు ఉండడమే మంచిది.

దరఖాస్తు దగ్గర తిప్పలు ఎక్కువగా చిన్న విషయాల్లోనే వస్తాయి. ట్రస్టు పత్రంలో ఉన్న పేరూ, ఫారంలో రాసిన పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయి ఉండాలి. పత్రంలో ‘ఫ్యామిలీ ట్రస్ట్’ అని ఉంటే ఫారంలో ‘ఫ్యామిలీ గన్ ట్రస్ట్’ అని రాస్తే తిరిగొస్తుంది. తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో తలనొప్పి ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందొకలా, డ్రైవింగ్ లైసెన్సులో వెనక ఇంకోలా, గ్రీన్ కార్డులో ఒక అక్షరం తక్కువగా ఉండడం మనకు మామూలే. వేలిముద్రల కార్డు మీద, ఫారం 23లో, ట్రస్టు సంతకం కింద పేరు ఒకేలా ఉండేట్టు ముందే ఒకటి ఖాయం చేసుకోవాలి. పాత పేరు, వేరే స్పెల్లింగ్ ఉంటే దాచకుండా అడిగినచోట రాయాలి. ఫొటో రెండంగుళాల చదరం, ఏడాది లోపు తీసినది కావాలి. ట్రస్టు కాపీలో సంతకాలున్న పేజీలు, నోటరీ పేజీ, ఆస్తుల జాబితా అన్నీ ఉండాలి. చాలామంది సంతకం చేయని కంప్యూటర్ ఫైల్‌నే అప్‌లోడ్ చేసేస్తుంటారు. గత 24 నెలల్లో ట్రస్టు పెట్టిన ఒక దరఖాస్తుకు అనుమతి వచ్చి, అప్పుడిచ్చిన పత్రంలో ఏమీ మారకపోతే, మారలేదని ధ్రువీకరిస్తే సరిపోతుంది.

ట్రస్టు పేరు ఎంచుకునేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఫారం 1 దగ్గర బయటపడుతుంది. సొంత రైఫిల్‌కి పొట్టి బ్యారెల్ బిగించుకుంటే, చట్టం దృష్టిలో కొత్త ఆయుధాన్ని తయారు చేసినట్టు. తయారీదారు పేరు, ఊరు, రాష్ట్రం ఆ లోహం మీద చెక్కించాలి. దరఖాస్తు ట్రస్టు పేరు మీద పెడితే తయారీదారు ట్రస్టే, చెక్కాల్సిందీ ట్రస్టు పేరే. చెక్కడం లోతు అంగుళంలో వెయ్యింట మూడు వంతులకు తగ్గకూడదు. తాతగారి పూర్తి పేరు, ఇంటిపేరు, ‘రివొకబుల్ లివింగ్ ట్రస్ట్’, పైన తేదీ కూడా కలిపి పేరు పెట్టుకున్నవాళ్లు ఆ మొత్తాన్నీ రైఫిల్ రిసీవర్ (తుపాకీ అసలు బాడీ) పక్కన కాస్త జాగాలో పట్టించాల్సి వస్తుంది. చెక్కేవాడు అక్షరానికింత అని తీసుకుంటే అదో ఖర్చు. ఆ ఆయుధం మీద ఆ పేరు శాశ్వతంగా ఉండిపోతుంది, రేపు ఎవరికి అమ్మినా సరే. ఇంటిపేరు బయటికి కనిపించడం ఇష్టం లేనివాళ్లు రెండు మూడు మాటల్లో ముగిసే పేరు పెట్టుకుంటారు. అందులో తప్పేమీ లేదు. అనుమతి రాకముందే బ్యారెల్ బిగించి చూసుకోవడం మాత్రం నేరం. ఒక్కసారి సరిపోతుందో లేదో చూద్దామన్నా సరే.

ట్రస్టీలుగా ఎవరిని పెట్టాలన్నది వీటన్నిటికన్నా పెద్ద విషయం. ట్రస్టీ అంటే గౌరవంగా ఇచ్చే హోదా అనుకుని అన్నదమ్ములను, బావమరిదిని, రూమ్‌మేట్‌ని చేర్చేస్తే చిక్కులు మొదలవుతాయి. ఒక్కో ట్రస్టీ ఒక్కో సెట్ వేలిముద్రలు, ఫొటో, ఫారం ఇవ్వాలి. ప్రతి కొత్త దరఖాస్తుకీ మళ్లీ ఇవ్వాలి. ఒకరు ఆలస్యం చేస్తే అందరిదీ ఆగుతుంది, ఒకరి చరిత్రలో ఏదైనా తేలితే మొత్తం దరఖాస్తు పడిపోతుంది. అందుకే చాలామంది మొదట తామొక్కరే ట్రస్టీగా దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాక సవరణ పత్రంతో భార్యనో కొడుకునో చేర్చుకుంటారు. 41ఎఫ్ నిబంధన ప్రకటించినప్పుడే ఏటీఎఫ్ ఈ పద్ధతికి అడ్డు చెప్పలేదు. తర్వాత చేరినవాళ్లు ట్రస్టు పెట్టే తర్వాతి దరఖాస్తులో తమ వేలిముద్రలు ఇస్తే సరిపోతుంది. కానీ తర్వాత చేరినా, ముందు చేరినా, ఆయుధం ముట్టుకోకూడని మనిషిని ట్రస్టీ చేయడం నేరమే. కాగితం అడగలేదు కదా అని చట్టం ఒప్పుకున్నట్టు కాదు.

ఎవరు ముట్టుకోకూడదు? తీవ్ర నేరం రుజువైనవాళ్లు, గృహహింస కేసులో రక్షణ ఉత్తర్వు ఉన్నవాళ్లు లాంటి జాబితా ఫెడరల్ చట్టంలో ఉంది. రక్షణ ఉత్తర్వు నిబంధన రాజ్యాంగబద్ధమేనని 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. కాపురం చెడి అలాంటి ఉత్తర్వు పడితే, ట్రస్టీగా ఉన్న భర్త ఆ రోజే ఆయుధాలకు దూరం కావాలి. ట్రస్టు పత్రంలో ‘ఎవరైనా నిషేధిత వర్గంలోకి వస్తే ఆ క్షణం నుంచీ ట్రస్టీ కారు’ అన్న వాక్యం ఉంటే మిగిలిన ట్రస్టీకి పని తేలికవుతుంది. చౌకగా దొరికే నమూనాల్లో ఈ వాక్యం ఉందో లేదో చూసుకోవాలి.

తెలుగు కుటుంబాలకు అసలు సమస్య ఇదే జాబితాలో ఇంకోచోట ఉంది. వలసేతర వీసా మీద అమెరికాలో ప్రవేశించినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్‌1బి, హెచ్4, ఎఫ్1, టూరిస్టు వీసా అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్ కార్డు దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి క్యూలో ఉన్నా, హెచ్‌1బి మీద ఉన్నంతకాలం ఇదే లెక్క. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మామూలు మనిషికి అందుబాటులో ఉండేది రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు. అది చెల్లుబాటులో ఉండాలి, కాపీ దరఖాస్తుతో జతచేయాలి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు.

దీన్ని ఇంటి లెక్కలోకి తెచ్చి చూడాలి. భర్తకు ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు వచ్చింది, పెళ్లి ఈ మధ్యే అయింది, భార్య ఎఫ్1 మీద చదువుతోంది. ఆమెను ట్రస్టీగా రాస్తే మేలు చేసినట్టు కాదు, కేసులోకి లాగినట్టు. సేఫ్ నంబర్ కూడా ఆమెకు చెప్పకూడదు. ఆయుధాలకు విడిగా తాళం ఉండాల్సిందే. ఇండియా నుంచి టూరిస్టు వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి ఫొటోలు దిగే అలవాటు టెక్సస్ లాంటి చోట్ల కొందరికి ఉంది. వీసా మీద ఉన్నవాళ్లకు అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా స్వాధీనమే. 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లిన రెహైఫ్ కేసు అక్కడే మొదలైంది. విద్యార్థి వీసా మీద వచ్చి, యూనివర్సిటీ నుంచి తొలగించబడి, తర్వాత ఒక రేంజ్‌లో కాల్చిన యువకుడి కేసు అది. తన వీసా స్థితి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చేదాకా అతను పడ్డ కష్టం చూస్తే, రేంజ్‌లో ఒక గంట సరదాకి అంత విలువ లేదు. ఆయుధాల నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయొచ్చని వలస చట్టం చెబుతోంది. పౌరసత్వం ఉన్నవాళ్లకు జైలుతో పోయేది, మిగిలినవాళ్లకు మొత్తం జీవితాన్నే తలకిందులు చేస్తుంది. ఇంట్లో ఎవరి వీసా ఏమిటో రాసుకోకుండా ట్రస్టు పత్రం మీద ఒక్క పేరు కూడా పెట్టకూడదు.

ఇల్లు మారేటప్పుడు ఇంకో గండం. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, మసాచుసెట్స్, డెలావేర్, రోడ్ ఐలాండ్, హవాయి రాష్ట్రాల్లో సైలెన్సర్ పౌరుల దగ్గర ఉండకూడదు. ఫెడరల్ స్టాంపు ఉన్నా సరే. ఐటీ ఉద్యోగంలో డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి, ఆస్టిన్ నుంచి కాలిఫోర్నియాలోని బే ఏరియాకి మారడం మనవాళ్లకు సర్వసాధారణం. సామాన్ల లారీలో సైలెన్సర్ పెట్టెలో ఉండిపోయిందంటే, రాష్ట్ర సరిహద్దు దాటగానే అది ఆ రాష్ట్ర నేరం. మారకముందే అమ్మడమో, టెక్సస్‌లోనే ఉన్న సహ ట్రస్టీ దగ్గర ఉంచడమో చేయాలి. రెండో దారి ట్రస్టు ఉన్నవాళ్లకే ఉంది. ట్రస్టు వల్ల నిజంగా ఉపయోగపడే సందర్భాల్లో ఇదొకటి. పొట్టి బ్యారెల్ రైఫిల్, షాట్‌గన్, మెషిన్ గన్ అయితే వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి, అక్కడ చట్టబద్ధమైనా సరే, ఫారం 20తో ముందుగా ఏటీఎఫ్ అనుమతి తీసుకోవాలి. సైలెన్సర్‌కి ఆ ఫారం అక్కర్లేదు.

చావు గురించి ముందే మాట్లాడడం మన ఇళ్లలో ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా ఈ విషయంలో మాట్లాడాలి. ఇండియాలో ఆయుధాల లైసెన్సు వ్యక్తి పేరు మీదే ఉంటుంది. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు ఆయుధాలకు మించి కుదరదు. లైసెన్సుదారు చనిపోతే ఇంటివాళ్లు దాన్ని పోలీసు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో అప్పగించాలి. ఎన్నికలప్పుడు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయడం చూసిన సీమ జిల్లాలవాళ్లకు ఆ పద్ధతి బాగా తెలుసు. అమెరికాలో ఎన్‌ఎఫ్‌ఏ ఆయుధం సొంత పేరు మీద ఉండి యజమాని పోతే, వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్ దాన్ని తన అధీనంలో ఉంచుకోవచ్చు. ప్రొబేట్, అంటే చనిపోయినవాళ్ల ఆస్తిని కోర్టు ద్వారా తేల్చే ప్రక్రియ, ముగిసేలోగా ఫారం 5 పెట్టి, పన్ను లేకుండా వారసుడి పేరుకు మార్చాలి. ఆ వారసుడు కూడా ఆయుధం పెట్టుకోవడానికి అర్హుడై ఉండాలి. ఈలోపు దాచమని పక్కింటాయనకో, దుకాణంవాడికో ఇచ్చేస్తే, అది అనుమతి లేని బదిలీ అయిపోతుంది. దుఃఖంలో ఉన్న మనిషి నుంచి ఈ నియమాలన్నీ గుర్తుంచుకోమని ఆశించడం అన్యాయం. ట్రస్టు ఉంటే రిజిస్టరైన యజమాని చనిపోలేదు. ట్రస్టు అలాగే ఉంది, పత్రంలో రాసిన తర్వాతి ట్రస్టీ బాధ్యత తీసుకుంటారు, తొందర లేదు. పిల్లలు చిన్నవాళ్లయితే పెద్దయ్యేదాకా ట్రస్టీ దగ్గరే ఉంటుంది.

చావు కన్నా ఎక్కువ చిక్కుపెట్టేది పక్షవాతం, మతిమరుపు లాంటివి. మనిషి బతికే ఉన్నాడు కాబట్టి ప్రొబేట్ లేదు, ఎగ్జిక్యూటర్ లేడు, ఫారం 5 కుదరదు. సొంత పేరు మీదున్న ఆయుధం ఎవరూ ముట్టుకోలేని స్థితిలో ఉండిపోతుంది. సహ ట్రస్టీ ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇంత చెప్పినా, ట్రస్టు అందరికీ అవసరం అనడానికి లేదు. ఒంటరిగా ఉండేవాడు, ఒక్క సైలెన్సర్ కొన్నాడు, సేఫ్ తాళం తన దగ్గరే ఉంటుంది, ఇంకెవరితోనూ పంచుకోడు. అలాంటివాడికి సొంత పేరే చాలు. కాగితాలు తక్కువ, తప్పులకు అవకాశం తక్కువ. కంపెనీ పేరు మీద పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. కంపెనీని ఏటా బతికించుకోవాలి, మూసేస్తే ఆయుధం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. కుటుంబానికి ఆ దారి పనికిరాదు.

మొదట సొంత పేరు మీద కొని, తర్వాత పెళ్లయి పిల్లలు పుట్టి, ఇప్పుడు ట్రస్టు పెట్టుకున్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ట్రస్టు ఆస్తుల జాబితాలో ఆ సైలెన్సర్ సీరియల్ నంబర్ రాసేసి పని అయిపోయిందనుకుంటారు. ఇల్లు, కారు లాంటివాటిలో జరిగినట్టు ఇక్కడ జరగదు. మనిషి నుంచి అతని సొంత ట్రస్టుకు మారడం కూడా చట్టం దృష్టిలో బదిలీయే. కొత్త ఫారం 4 పెట్టాలి, అనుమతి వచ్చేదాకా అది మనిషి పేరు మీదే ఉంటుంది. 2025 దాకా ఇలా మార్చుకోవాలంటే ఒక్కో వస్తువుకీ ఇంకో 200 డాలర్లు. నాలుగైదు ఉన్నవాళ్లు ఆ ఖర్చు చూసి వదిలేశారు, భార్యకు తాళం నంబర్ చెప్పి కళ్లు మూసుకున్నారు. ఇప్పుడు మెషిన్ గన్లు, విధ్వంసక ఆయుధాలు తప్ప మిగతావాటికి ఆ పన్ను సున్నా. పాత రిజిస్ట్రేషన్లను కుటుంబానికి సరిపోయేలా సర్దుకోవడానికి ఖర్చు అడ్డు లేని రోజులు ఇవి. పన్నే లేనప్పుడు పన్ను అధికారం మీద నిలబడ్డ రిజిస్ట్రేషన్ ఎలా చెల్లుతుందంటూ 2025లోనే కోర్టుల్లో దావాలు పడ్డాయి. వాటి మీద ఆశ పెట్టుకుని రిజిస్ట్రేషన్ లేకుండా ఏదీ దగ్గర పెట్టుకోకూడదు. అనుమతి వచ్చిన ఫారం కాపీ ఒకటి, ట్రస్టు పత్రం, సవరణలన్నీ ఆయుధంతో పాటే ఉంచాలి. ఏటీఎఫ్ అధికారి అడిగితే రిజిస్ట్రేషన్ రుజువు చూపించాల్సిన బాధ్యత యజమానిదే. ట్రస్టు విషయంలో ఆ క్షణాన అక్కడున్న ట్రస్టీది.